మొక్కు గడ్డం

నోట్లో చేదు తగిలిన సంగతి బయటికి చెప్పకుండా ఉందామనుకున్నాడు ఒనోఫ్రే. కానీ అతను కళ్ళు చిట్లించడం నర్సు చూసేసింది.

అలమోసా ఊరి ఆసుపత్రిలో చిన్న గది అది. అతని తలమీద సంచీలాంటి తెల్లటి ముసుగు వేసి ఉంది. ముసుగు లోపల ముక్కూ నోరూ కప్పేలా రబ్బరు మాస్కు, దానికి రెండు పక్కలా గాలిని వడకట్టే బిళ్ళలు. ముసుగుకున్న చిల్లులోంచి నర్సు చేదునీళ్ళ తుంపర కొడుతూ, తల అటూ ఇటూ తిప్పమంటోంది, గట్టిగా ఊపిరి పీల్చమంటోంది. మాస్కు చర్మానికి అతుక్కుని ఉంటే ఆ చేదు నాలుకకి తెలియకూడదు. ఒనోఫ్రేకు గొంతు దాకా తెలిసింది.

నర్సు ముసుగు తీసి, మాస్కులో లోపమేమీ లేదనీ, గడ్డం గీయించుకుని మళ్ళీ రమ్మనీ చెప్పింది. ఆ గడ్డం చొక్కా మొదటి గుండీ దాకా దిగి ఉంది, సగానికి పైగా నెరిసింది. అతను దాన్ని అరచేత్తో ఒకసారి నిమురుకుని, దండం పెట్టినట్టు తలవంచి బయటికి వచ్చాడు.

వరండాలో లీరాయ్, బెర్నడెట్ ఎదురుచూస్తున్నారు. వాళ్ళిద్దరూ పరీక్షలో నెగ్గారు. ఒనోఫ్రే మొహం చూశాక లీరాయ్‌కి అడగాల్సిన పని లేకపోయింది.

అటకల పని చేయించే చిన్న కంపెనీకి లీరాయ్ యజమాని; ఒనోఫ్రే, బెర్నడెట్ అతని దగ్గర పనివాళ్ళు. ఎలుకలు పాడుచేసిన పాత గాజుపీచుని సీలింగుకీ కప్పుకీ మధ్యనుండే అటకల మీంచి తీసేసి, శుభ్రం చేసి, కొత్త పీచు పరిచి వెళ్ళడం వాళ్ళ పని. వాళ్ళుండే కొండలోయలో చలి మొదలైతే గోడలు కూడా వణుకుతున్నట్టే ఉంటుంది. పైన పీచు లేకపోతే కింద పొయ్యి ఎంత మండినా వెచ్చదనం కప్పులోంచి ఎగిరిపోతుంది. ఆ వెచ్చదనం కోసమే ఎలుకలూ వస్తాయి. ఒనోఫ్రే ఇరవై ఏళ్ళకి పైగా ఆ అటకల్లోనే పాకుతున్నాడు. అతని కూతురి జ్ఞానస్నానంలో లీరాయ్ జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు. అప్పటినుంచీ ఇద్దరూ ఒకరినొకరు బిడ్డని పంచుకున్నవాళ్ళ పిలుపుతో "కొంపాద్రే" అనే పిలుచుకుంటారు.

ట్రక్కు దగ్గరికి వచ్చాక లీరాయ్ తాళంచెవులు చాలాసేపు వేళ్ళమధ్య తిప్పాడు. కొత్త పని విట్కమ్ అనే ఆవిడ ఇంట్లో. వేసవికి మాత్రం వచ్చి ఉండే ఇల్లు అది, కొండ దిగువన. వసంతంలో ఆవిడ తమ్ముడు వచ్చి అటక తనే ఊడ్చాడు. కొన్నాళ్ళకి జ్వరం, ఆ వెంటనే ఆయాసం. హెలికాప్టర్లో ఆల్బుకర్కీ తీసుకెళ్ళారు గానీ బతకలేదు. పొట్ట తెల్లగా, చెవులు పెద్దగా ఉండే ఆ కొండ ఎలుకల పెంటికల్లోంచీ ఉచ్చలోంచీ లేచే దుమ్ము పీలిస్తే వచ్చే జబ్బది. అందుకని, సరైన మాస్కు లేని మనిషిని నిచ్చెన ఎక్కనివ్వనని ఆవిడ ముందే చెప్పింది. ఆ మాట మీద లీరాయ్ రబ్బరు మాస్కులు కొన్నాడు. అంతవరకు అందరూ కాగితం మాస్కులతోనే ఎక్కేవాళ్ళు. ఎండ ముదిరితే వాటినీ మెడకిందికి లాగేసేవాళ్ళు.

"వదిన కోసం మొక్కుకున్న సంగతి నాకు తెలీదా కొంపాద్రే," అన్నాడు లీరాయ్. "కానీ ఆవిడకి నేనేం చెప్పను?"

"ఎలోయీసా కీమో అయ్యేదాకా గడ్డానికి కత్తి తగలనివ్వనని చిమాయో గుళ్ళో బాలయేసు ముందు చెప్పాను. గుడ్ ఫ్రైడేకి నడిచి వెళ్ళి అక్కడే తీయిస్తాను."

"స్వామి అర్థం చేసుకోడంటావా?"

"చేసుకుంటాడేమో. చేసుకోకపోతే? పోయేది నేను కాదుగా."

 లీరాయ్ సరే, నువ్వు కింద చెత్త పీల్చే యంత్రం దగ్గర ఉండు, బెర్నడెట్‌తో నేనే ఎక్కుతాను అన్నాడు. ఏదో ఉపకారం చేస్తున్నట్టే అన్నాడు. ఒనోఫ్రే ట్రక్కు వెనక సీట్లో కూర్చున్నాడు. ముందు సీటు ఎప్పుడూ అతనిదే. ఆ రోజు ఎందుకో తనే బెర్నడెట్‌ని కూర్చోమన్నాడు.

మర్నాడు గడ్డి మీద మంచు తెల్లగా ఉండగానే విట్కమ్ గారింటి ముందు నిచ్చెనలు దించారు. అటకకి దారి నడవా కప్పులో ఉంది. ఆ తలుపు చుట్టూ నేలదాకా ప్లాస్టిక్ తెర కట్టి, అంచులు టేపుతో అంటించడం ఎప్పుడూ ఒనోఫ్రే పనే. ఆ రోజూ అతనే కట్టాడు. కట్టి పక్కకి తప్పుకున్నాడు. లీరాయ్, బెర్నడెట్ కాగితపు అంగీలు తొడుక్కుని, మాస్కులు బిగించుకుని, తెర చీలికలోంచి దూరి నిచ్చెన ఎక్కారు. లీరాయ్ కుడి మోకాలు సరిగా వంగదు. అతను అటక ఎక్కి చాలా ఏళ్ళయింది.

పైన ఏం జరుగుతోందో కిందున్న ఒనోఫ్రేకు చప్పుళ్ళను బట్టే తెలుస్తోంది. ముందు మందునీళ్ళ పంపు. పొడిగా ఉన్నదాన్ని కదిలిస్తే దుమ్ము లేస్తుంది కాబట్టి పీచునంతా తడిపి నానబెట్టాలి. తరవాత దూలాల మధ్యనుంచి పీచు పరుపులు ఊడదీసి, చుట్టి, సంచుల్లో కుక్కే చప్పుడు. అడుగు దూలం మీదే పడాలి. తప్పితే కాలు సీలింగు చీల్చుకుని కింది గదిలోకి దిగిపోతుంది. లీరాయ్ అడుగులు ఆగి ఆగి పడుతున్నాయి. ఇప్పుడు వాసం పట్టుకోవాలి, ఇప్పుడు మోకాలి కింద పలక జరుపుకోవాలి అని ఒనోఫ్రే తల పైకెత్తి లోపల్లోపలే చెప్పుకుంటూ నిలబడ్డాడు. తన పని ఇంకొకరు చేస్తుంటే కింద నిలబడి వినడం అతనికి అదే మొదటిసారి.

పరుపులు దిగాక మిగిలిన చెత్తంతా పీల్చే యంత్రం ట్రక్కు మీద ఉంది. తొడంత లావు గొట్టం ఇంటి కిటికీలోంచి వచ్చి దానికి కలుస్తుంది. అవతలి వైపు పెద్ద గుడ్డసంచి ఉబ్బుతుంది. నిండాక యంత్రం ఆపి, సంచి మెడ పట్టుకుని, మెలిపెట్టి, తాడు బిగించాలి. మెలిపెట్టేటప్పుడు లోపలి గాలి ఉఫ్ మని మొహాన కొడుతుంది. ఆ గాలిలో పొడి పెంటికల ధూళి, గాజుపీచు నలుసులు, అటకలన్నిటికీ ఉండే ఆ పుల్లటి ఉచ్చ కంపు. ఒనోఫ్రే మొహాన కాగితం మాస్కు ఉంది. అది గడ్డం మీద ఆనడమే గానీ మూసింది లేదు.

వసారాలో దుప్పటి కప్పుకుని కూర్చున్న విట్కమ్ గారు అది చూసి, నీకు ఆ పెద్ద మాస్కు ఎందుకు లేదని అడిగింది. కిందున్నవాళ్ళకి అవసరం లేదని చెప్పాడు. లీరాయ్ తనకు చెప్పిన మాటే తనూ చెప్పాడు. ఆవిడ కాసేపు అతన్నే చూసి, లేచి వెళ్ళి టీ తెచ్చి మెట్టు మీద పెట్టింది. తమ్ముడి ప్రసక్తి తేలేదు. టీ పెట్టిన చెయ్యి మాత్రం కప్పు మీంచి వెంటనే తీయలేదు.

మధ్యాహ్నం లీరాయ్ దిగేసరికి అంగీ చెమటకి ఒంటికి అంటుకుపోయింది. నేల మీద కాలు బారజాపి కూర్చుని మోకాలు రెండు చేతులతో నొక్కుకుంటున్నాడు. బెర్నడెట్ సంచులు లెక్క చూడ్డానికి వచ్చి ఒనోఫ్రేని తేరిపార చూసింది. గడ్డం నిండా నలుసులు ఎండకి మెరుస్తున్నాయి.

"బాబాయ్, అందులో ఎలుక కాపురం పెట్టినా ఎవరికీ తెలీదు."

"అద్దె కడితే ఉండమను," అన్నాడు ఒనోఫ్రే.

ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే అతను వేళ్ళతో గడ్డం దులుపుకున్నాడు.

ఒనోఫ్రే ఇల్లు లా హారా ఊరి చివర. పని బట్టలతో అతను ఇంట్లో అడుగుపెట్టడు. భార్యకి కీమో మొదలైన రోజునుంచీ అదే నియమం. పెరట్లో షెడ్డు ఉంది. అక్కడ బట్టలు విప్పి, మూత ఉన్న డబ్బాలో పడేసి, గొట్టం నీళ్ళతో కాళ్ళూ చేతులూ కడుక్కుని, పాత కోటు చుట్టుకుని తిన్నగా స్నానాల గదిలోకి వెళ్తాడు. గడ్డాన్ని రెండుసార్లు సబ్బుతో రుద్దుతాడు. డాక్టర్లు ఎలోయీసాకి పచ్చికూరలు వద్దన్నారు, కుండీలో మొక్కలు వద్దన్నారు, దగ్గేవాళ్ళని దగ్గరికి రానివ్వద్దన్నారు. ఆమె రక్తంలో తెల్ల కణాలు బాగా పడిపోయి ఉన్నాయి.

అతను వచ్చేసరికి ఆమె ఊలు టోపీ పెట్టుకుని వంటగదిలో కూర్చుని ఉంది. ఎర్ర మిరపకారం వాసన ఇప్పుడు ఆమెకి పడదు. అతని కోసం చిక్కుడుగింజలు ఉడికించి, తను నీలం మొక్కజొన్న జావ తాగుతోంది. అతను పక్కన కూర్చుంటే అలవాటుగా గడ్డంలోకి వేళ్ళు పోనిచ్చింది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, వేలు దీపం వెలుగులో పెట్టి చూసింది. సన్నటి గులాబిరంగు నలుసు.

"ఇదేంటి?"

"పీచు."

"స్నానం చేశావుగా?"

"చేశాను."

 ఆమె దాన్ని కాగితం రుమాలులో మడిచి, లేచి వెళ్ళి చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. ఒనోఫ్రే చల్లారిపోతున్న చిక్కుళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆ మరుసటి రోజు మధ్యాహ్నం సంచి మెడకి తాడు బిగిస్తుండగా ఫోన్ మోగింది. ఎలోయీసాయే. జ్వరం వచ్చిందనీ, పక్కింటావిడ కారులో అలమోసా తీసుకెళ్తోందనీ, కంగారు పడవద్దనీ చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది. మామూలుగా ఉంచడానికి ఆమె పడుతున్న కష్టం అతనికి వినిపించింది. తాడు ముడి వేసి, బెర్నడెట్‌ని కేకేసి, బండి తాళాలు అందుకుని బయల్దేరాడు.

షెడ్డు సంగతి దారిలో గుర్తులేదు. వార్డు తలుపు దగ్గర నర్సు చెయ్యి అడ్డం పెట్టాక గుర్తొచ్చింది.

"ఎక్కణ్ణించి వస్తున్నారు మీరు?" అని అడిగింది ఆమె. కోపంగా కాదు, భయంగా. అతను తన వైపు చూసుకున్నాడు. చొక్కా, చేతులు, బూట్లు, అంతా బూడిద పట్టినట్టుంది. ఎలుకల పని అని చెప్పాడు. ఆమె రెండడుగులు వెనక్కి వేసి, లోపలికి వీల్లేదు, ముందు ఒళ్ళు కడుక్కుని బట్టలు మార్చుకోమంది. తలుపుకి చిన్న అద్దం పలక ఉంది. దానిలోంచి ఎలోయీసా కనిపించింది. మంచం మీద, చేతికి సూది, టోపీ ఒక పక్కకి జారి ఉంది. ఆమె అతన్ని చూసి చెయ్యెత్తింది. అతనూ ఎత్తబోయి, చేతి మీంచి దుమ్ము రాలడం చూసి దించేసుకున్నాడు.

కింద అంతస్తులో స్నానం చేయించి, ఆసుపత్రి బట్టలిచ్చి, తలకో టోపీ, గడ్డానికో వలసంచీ తొడిగాక లోపలికి రానిచ్చారు. ఎలోయీసా అతన్ని చూసి నీరసంగా నవ్వింది.

"రొట్టెల కొట్లో పనికి కుదిరావా?"

అతను మంచానికి దూరంగా కుర్చీ వేసుకున్నాడు. డాక్టరు కుర్రది, ఓపిగ్గా మాట్లాడింది. రక్తం ఈ స్థితిలో ఉన్నప్పుడు జ్వరం దేనివల్లైనా రావచ్చనీ, ఆమె నోట్లోంచే రావచ్చు, చర్మం మీంచే రావచ్చు, ఇదీ అని ఎవరూ చెప్పలేరనీ అంది. ఎలుకల వల్లా అని ఒనోఫ్రే అడిగాడు. ఆ జబ్బు లక్షణాలు వేరు, ఇది అలా లేదు అంది. అయినా అటువంటి దుమ్ము ఇంట్లోకి రాకుండా చూసుకోవడం మంచిది అని కూడా అంది. ఆమె వెళ్ళిపోయాక ఆ చివరి మాట ఒక్కటే గదిలో ఉండిపోయింది.

"తీసెయ్యి," అంది ఎలోయీసా.



"మాటిచ్చాను," అన్నాడు అతను. "నీకోసమే ఇచ్చాను."

"తెలుసు."

"మాట తప్పితే నీకేమైనా అయితే నేనేం కావాలి?"

ఎలోయీసా టోపీ సర్దుకుంది. కోప్పడే ఓపిక ఆమెకి లేదు. "మొక్కుకుంది నువ్వు," అంది మెల్లగా. "బతకాల్సింది నేను. నన్నోసారి అడగొచ్చుగా ఏం కావాలో. ఇంటికొచ్చిన మొగుణ్ణి చూసి భయపడకుండా ఉండాలి నాకు. నిన్నట్నించీ నువ్వు పక్కన కూర్చుంటే ఊపిరి బిగబట్టుకుంటున్నాను."

అది అతనికి తెలియదు.

కింద దుకాణంలో కత్తెర, గీసుకునే బ్లేడు, నురగ డబ్బా కొనుక్కొచ్చాడు. గది పక్క స్నానాల గది తలుపు తీసే ఉంచమంది ఆమె. ముందు కత్తెరతో పొడుగు తగ్గించాడు. వెంట్రుకలు కింద పడకుండా సింకు నిండా కాగితం పరిచి, దానిమీదే కత్తిరించాడు. తరవాత నురగ పూసి మెల్లగా గీశాడు. అద్దంలో అతని మొహం కొంచెం కొంచెంగా బయటపడుతుంటే, మంచం మీద ఎలోయీసాకి అతని వీపే కనిపిస్తోంది. చెవి కింద చూసుకో, అక్కడెప్పుడూ వదిలేస్తావని ఆమె అక్కణ్ణించే చెప్పింది. గదవ దగ్గర రెండుచోట్ల తెగింది. గడ్డం కింద చర్మం తెల్లగా, వదులుగా, ఎవరో ముసలాడిదిలా ఉంది.

కాగితం మూటకట్టి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. స్వామికి చెందాల్సిన వెంట్రుకలు. వీటినేం చెయ్యాలని అడిగాడు.

"చెత్తబుట్టలో వెయ్యి."

వెయ్యలేక కాసేపు అలాగే నిలబడ్డాడు. ఆ తరవాత వేశాడు. చేతులు కడుక్కుని వచ్చి, ఈసారి కుర్చీ మంచం దగ్గరికి జరుపుకున్నాడు. ఆమె అతని మొహం వంక చూసి, అచ్చం మీ నాన్నలా ఉన్నావు, ఆయన్నే చేసుకున్నా సరిపోయేది అంది. అతను నవ్వబోయాడు. నవ్వు మధ్యలోనే మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు.  ఆమె సూది లేని చేత్తో అతని మెడ వెనక రాస్తూ ఉండిపోయింది.

రెండోసారి పరీక్షలో చేదు తెలియలేదు. నర్సు తుంపర ఎక్కువ కొట్టింది, తల కిందికి వంచమంది, గట్టిగా ఏదైనా చదవమంది. ఏమీ తెలియలేదు. శుక్రవారం అతను విట్కమ్ గారింటి నిచ్చెన ఎక్కాడు. ఆవిడ గుర్తుపట్టక, గడ్డం మనిషికి ఒంట్లో బాగాలేదా అని బెర్నడెట్‌ని అడిగిందట.

అటక అప్పటికే బోసిగా ఉంది. దూలాలు పక్కటెముకల్లా బయటపడి ఉన్నాయి. కప్పు చెక్కల్లోంచి పొడుచుకొచ్చిన మేకులు నెత్తిమీద వేలెడు దూరంలో ఉన్నాయి. వంగి, తలదీపం వెలుగులో మూలమూలా చూసుకుంటూ పాకాడు. చూరు దగ్గర పైపు దిగేచోట చిటికెనవేలంత సందు. దానిలోంచే వచ్చాయి అన్నీ. ఇనుప పీచు ఉండచుట్టి అందులో కుక్కి, పైన ఆరితే గట్టిపడే నురగ కొట్టాడు. ఏదో తేడాగా ఉందనిపిస్తోంది గానీ ఏమిటో వెంటనే తెలియలేదు.

కంపు లేదు.

అతను పని ఆపి ఊపిరి తీసుకున్నాడు. రబ్బరు వాసన, అంతే. మళ్ళీ తీసుకున్నాడు. ఇన్నేళ్ళలో అటకలో అతను పీల్చిన మొదటి శుభ్రమైన గాలి. ఆ పుల్లటి కంపు, సాయంత్రాలు గొంతులో ఉండే ఆ గరగర, నెల తిరిగితే చాలు పట్టుకునే ఆ దగ్గు, ఇవన్నీ పనిలో భాగమనీ, తన వయసనీ, తన ఒళ్ళనీ అనుకున్నాడు. ఒక రబ్బరు ముక్క అడ్డంపెడితే ఆగిపోయేవే అవన్నీ. దూలం మీద మోకాళ్ళూని అతను చాలాసేపు కదలకుండా ఉన్నాడు. కోపం వచ్చిందని కూడా చెప్పలేం. అలసట వచ్చింది. ఇన్నేళ్ళదీ ఒక్కసారి వచ్చింది.

సాయంత్రానికి కొత్త పీచు కొట్టారు. పాత న్యూస్‌పేపర్లు పొడిచేసి చేసిన బూడిదరంగు పీచు. గొట్టంలోంచి మంచులా రాలుతూ దూలాలను ముంచేసింది. ఎక్కడా గుంటలేకుండా మూలల్నించి వెనక్కి వెనక్కి జరుగుతూ వచ్చి, తలుపు దగ్గర దిగాడు. విట్కమ్ గారు అందరితో చేతులు కలిపి, ఈ ఇంట్లో మళ్ళీ పడుకోగలనేమో చూస్తాను అంది.

ఆదివారం ఎలోయీసాని ఇంటికి పంపారు. వంటగది గోడమీది బాలయేసు పటం వైపు చూడకుండా ఒనోఫ్రే రెండుసార్లు దాటి వెళ్ళడం ఆమె గమనించింది. గుడ్ ఫ్రైడేకి తనూ నడుస్తానంది, నడవగలిగినంత దూరం. "నాకూ జుట్టు లేదు, నీకూ గడ్డం లేదు. స్వామి మనిద్దర్నీ పోల్చుకుంటే చాలు."

సోమవారం పని ఆంతొనీటో ఊరి దగ్గర. పాత మట్టి ఇల్లు, దానిమీద ఎప్పుడో వేసిన రేకుల కప్పు. బంగాళాదుంపల గోదాములో పనిచేసే రొసావురా అనే అమ్మాయిది. ఇద్దరు చిన్నపిల్లలు. అటక ఎక్కే దారి పిల్లల గదిలోనే ఉంది. మూత కొంచెం జరిపి లోపలికి దీపం కొట్టిన బెర్నడెట్ వెంటనే మూసేసింది. విట్కమ్ గారింటికంటే దారుణంగా ఉంది పరిస్థితి. పెంటికలు మూత అంచుల మీదే పేరుకుని ఉన్నాయి. పిల్లల మంచం మీద సీలింగు పసుపు మరకలతో చెమ్మగిల్లి ఉంది.

ఒనోఫ్రే తెర కట్టి, అంగీ తొడుక్కుని, మాస్కుల డబ్బా కోసం ట్రక్కు దగ్గరికి వచ్చాడు. డబ్బా లేదు. లీరాయ్ అతని చేతిలో కాగితం మాస్కు పెట్టాడు.

"అవేవీ?"

కంపెనీ కొట్లో పెట్టానన్నాడు లీరాయ్. ఆ బిళ్ళలు తరచూ మార్చాలి, అవి అయిపోతే మళ్ళీ తెప్పించడం కష్టం. విట్కమ్ గారు పట్టుబట్టింది కాబట్టి వాడాం గానీ ప్రతి ఇంటికీ వాడితే ఎలా అన్నాడు. మొహంలో దాపరికమేమీ లేదు. ఇన్నాళ్ళూ చేసినట్టే చేద్దామంటున్నాడు, అంతే.

ఒనోఫ్రే ఆ కాగితం మాస్కుని తిరగేసి చూశాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళి ట్రక్కు వెనక పలక మీద కూర్చున్నాడు.

"ఏంటి కొంపాద్రే?"

"అవి తీసుకురా. ఎక్కుతాను."

లీరాయ్ అతని వంక చూశాడు. బ్లేడు గాట్లు ఇంకా మానని ఆ నున్నటి మొహం వంక చూశాడు. గట్టి మాస్కు కోసం గడ్డం తీయనని మంకుపట్టు పట్టింది పోయిన వారం ఇదే మనిషి.

"నీకిప్పుడు అడ్డం లేదుగా. ఇది కూడా బాగానే పడుతుంది."

"నా పెళ్ళాం కోసం తీశాను. నువ్వు మాస్కులు దాచిపెట్టుకోవడానికి కాదు."

గొంతు పెంచలేదు. బెర్నడెట్ చేతిలోని గొట్టం చుట్ట నేలమీద పెట్టి వచ్చి అతని పక్కన కూర్చుంది. లీరాయ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. చలికి ముందే ముగించాల్సిన ఇళ్ళు ఇంకెన్ని ఉన్నాయో చెప్పాడు. పనికి మనుషులు దొరక్కపోరని కూడా చెప్పాడు. ఆ మాట అన్నప్పుడు మాత్రం కళ్ళు పక్కకి తిప్పుకున్నాడు. ఎలోయీసా వైద్యానికి బీమా నడుస్తున్నది ఈ పని మీదే. అది లీరాయ్‌కి తెలుసు, ఒనోఫ్రేకు తెలుసు. ఒనోఫ్రే మాత్రం పలక మీంచి లేవలేదు. 

లీరాయ్ తన బండి ఎక్కి, తలుపు గట్టిగా వేసుకుని వెళ్ళిపోయాడు. ఎక్కడికో చెప్పలేదు.

ఎండ రేకుల మీదికి ఎక్కింది. రొసావురా కాఫీ తెచ్చి, పని ఎందుకాగిందని అడిగింది. వస్తువులు రావాలని చెప్పింది బెర్నడెట్. ఒనోఫ్రే ఆ అమ్మాయిని పక్కకి పిలిచి, పని అయ్యేదాకా పిల్లల్ని అమ్మగారింట్లో ఉంచమనీ, ఆ గదిలో చీపురు పెట్టొద్దనీ, తడిగుడ్డే వాడమనీ నెమ్మదిగా చెప్పాడు. ఆ అమ్మాయి భయంగా సీలింగు వైపు చూసి, వెంటనే పిల్లల చొక్కాలు సర్దడం మొదలుపెట్టింది. బెర్నడెట్ చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని రోడ్డు చూస్తోంది.

"రాకపోతే ఏం చేద్దాం బాబాయ్?"

"ఇంటికి పోదాం."

"ఆ తర్వాత?"

తెలీదన్నాడు.

లీరాయ్ వచ్చేసరికి రొసావురా పిల్లల్ని కారెక్కిస్తోంది. అతను దిగి, సీటు మీంచి డబ్బా తీసి, ట్రక్కు పలక మీద ఒనోఫ్రే పక్కన పెట్టాడు. మూడు మాస్కులు, కొత్త బిళ్ళలు.

"వచ్చే వారం సంగతి నేనేమీ చెప్పలేను," అన్నాడు.

"వచ్చే వారం రానీ," అన్నాడు ఒనోఫ్రే.

రొసావురా కారు దగ్గరనుంచే ఆ మాస్కుల్ని చూసింది. ఇదివరకు మీరు ఇవి లేకుండానే ఎక్కేవాళ్ళా అని మామూలుగా అడిగింది, తెలుసుకోవడానికే. బెర్నడెట్ బూటు మొనతో మట్టి గీకింది. ఒనోఫ్రే నోరు తెరిచేలోగా లీరాయ్ అన్నాడు:

"ఎక్కేవాళ్ళం."

వంగి గొట్టం చుట్ట విప్పసాగాడు.

ఒనోఫ్రే మాస్కు బిగించుకుని, అరచేత్తో మూసి ఊపిరి లాగి చూసుకున్నాడు. ఎక్కడా సందు లేదు. మందునీళ్ళ పంపు భుజాన వేసుకుని, తెరలోంచి దూరి నిచ్చెన ఎక్కాడు. పైన వేడి దట్టంగా ఉంది. దీపం వెలుగులో పీచంతా సొరంగాలు పడి, నల్లగా, ముద్దలు ముద్దలుగా ఉంది. ఒక దూలం మీద కుదురుకున్నాడు. వెనక నిచ్చెన కిర్రుమంది. బెర్నడెట్ అనుకుని పలక అందించమన్నట్టు చెయ్యి వెనక్కి చాచాడు.

వచ్చింది లీరాయ్. కుడికాలు ఈడ్చుకుంటూ మూత అంచు మీదుగా పాకి, ఆయాసంతో కాసేపు అలాగే పడి ఉన్నాడు. నువ్వెందుకని ఒనోఫ్రే చేత్తోనే అడిగాడు. మాస్కులోంచి మాట వినపడదు. లీరాయ్ జవాబుగా పిల్లల మంచం ఉన్న మూల వైపు వేలు చూపించి, పలక ముందుకి తోశాడు.

ఇద్దరూ అటు పాకి, చెరో దూలం మీదా కుదురుకుని, ముందు ఆ మూలనే తడపడం మొదలుపెట్టారు.